పువ్వులేని సెంటు

బస్సులో తన పక్కన కూర్చున్నావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని లేచిపోయి, వెనక సీటు ఖాళీ లేకపోయినా కమ్మీ పట్టుకుని నిలబడిందని భాగ్యలక్ష్మి చెప్పినప్పుడు శారదకు నవ్వాగలేదు.

"నవ్వుతావేందిమే? కావాలంటే నువ్వే చూడు," అంటూ భాగ్యలక్ష్మి తన చీర చెంగు తెచ్చి ఆమె ముక్కు దగ్గర పెట్టింది. శారద నవ్వు అక్కడే ఆగిపోయింది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన.

"అబ్బ! ఏంది వదినా ఇది?"

"యూనివర్సిటీ సువాసన. పిల్లోళ్ళు ప్రాక్టికల్స్ చేసే హాలు పక్కనే కదా మా ఆఫీసు గది. వాళ్ళు గాజు బుడ్లలో ఏదో గ్యాసు పుట్టిస్తారు. అది నేరుగా వచ్చి నా చీరలో కాపురం పెడుతుంది. ఉతికినా పోదు, ఆరేసినా పోదు."

అది అరవై ఏడో సంవత్సరం, వానాకాలం. భాగ్యలక్ష్మి శారద భర్త మల్లికార్జునకు అక్క. ప్రొద్దుటూరులో బడిపంతులుకిచ్చి చేశారు. ఆయన టైఫాయిడ్ వచ్చి పోయేనాటికి ఆమెకు ఇరవై ఎనిమిదేళ్ళు. పిల్లల్లేరు. అత్తవారింట్లో రెండేళ్ళు ఒక మూలన గడిపి, పుట్టింటికి వచ్చి టైపు నేర్చుకుని, పరీక్షలు ప్యాసై, తమ్ముడు పనిచేసే యూనివర్సిటీలోనే కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటులో టైపిస్టుగా చేరింది. మల్లికార్జున పరీక్షల విభాగంలో గుమాస్తా. ముగ్గురూ తార్నాకలో ప్రమీలమ్మగారింట్లో వెనక వాటాలో ఉండేవాళ్ళు. ముందు వాటాలో ప్రమీలమ్మ, ఆమె కుటుంబం.

భాగ్యలక్ష్మి ముక్కు మామూలు ముక్కు కాదు. తండ్రికి ప్రొద్దుటూరు బజార్లో దినుసుల అంగడి ఉండేది. ధనియాల మూటల మీద కూర్చుని అక్షరాలు దిద్దుకున్న మనిషి. గేటు దగ్గర చెప్పులు విడుస్తూనే "శారదా, పాలు విరుగుతాయి చూడు" అనేది. శారద పరుగెత్తి పోయి చూస్తే పాలు అప్పుడే అంచుల్లో పలుకులు కడుతూ ఉండేవి. అలాంటి ముక్కున్న మనిషికి తన ఒంటి మీదే ఆ వాసన మోసుకుంటూ తిరగడం ఎంత నరకమో శారదకు మెల్లగా అర్థమైంది.

"ఏదైనా సెంటు పూసుకోకూడదా వదినా," అంది ఒకరోజు, ఆలోచించకుండానే.

భాగ్యలక్ష్మి చేతిలో బియ్యం చేట ఆగింది. "నేనా?" అంది. బియ్యం ఏరడం పూర్తయ్యాక తనలో తాను లెక్క తేల్చుకున్నదానిలా చెప్పింది. "పువ్వు వాసనొస్తే ఎవురి కోసం అంటారు. తీపి వాసనొస్తే దీనికేం సుఖం తక్కువైందని అంటారు. ఆ రెండూ లేని సెంటు ఉంటే చెప్పు, పూసుకుంటా."

శారద ఆ మాటను పట్టుకుంది. ఆమెకు అప్పటికి పాతికేళ్ళు నిండలేదు. అలాంటి వస్తువు ఊళ్ళో ఎక్కడో ఉండే తీరుతుందనీ, వెతకడమే తరువాయి అనీ అనుకునే వయసు. తర్వాతి ఆదివారం మల్లికార్జునకు చీరల బేరమని చెప్పి ఇద్దరూ చార్మినార్ వైపు వెళ్ళారు. పత్తర్‌గట్టీలో వరుసగా అత్తరు దుకాణాలు. ఒక ముసలి సాహెబు వాళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి, గాజు బుడ్డి మూతలు ఒక్కొక్కటే తీసి, దూది పుల్ల మీద చుక్క వేసి చేతికిచ్చాడు.

గులాబీ, మల్లెల మొగ్రా చూడకుండానే పక్కన పెట్టించింది భాగ్యలక్ష్మి. వట్టివేరు అత్తరు చూసి, "చల్లగా ఉంది. కానీ పోతా పోతా తీపి చూపిస్తాంది" అంది. హీనా వాసన చూసి, "పెళ్ళింట్లోకి పోయినట్టుంది" అని వెనక్కి ఇచ్చేసింది. మట్టి అత్తరు మాత్రం చాలాసేపు ముక్కు దగ్గర ఉంచుకుంది. "వాన పడినట్టే ఉంది సాహెబ్‌గారూ. కానీ కింద గంధం ఉంది. గంధం తీపే కదా." చివరికి ఆయన దాచిపెట్టిన పెట్టె తీసి, నలభై రకాల దినుసులు కలిపి చేసిందని చెప్పి ఒకటి చూపించాడు. ఆమె కళ్ళు మూసుకుంది.

"దీంట్లో అన్నీ ఉండాయి. కుంకుమపువ్వు కూడా ఉండాది," అంది భాగ్యలక్ష్మి కళ్ళు తెరిచి.

సాహెబు గడ్డం నిమురుకున్నాడు. "అమ్మా, యాభై ఏండ్ల సంది గీ గద్దె మీద కూసున్న. పూలు వద్దు, తీపి వద్దు అన్నోళ్ళను ఇయ్యాలనే చూస్తున్న. గులాబ్ వద్దు, చందన్ వద్దు అంటే, ఇగ మీరు అత్తర్ దుకాన్‌కు కాదమ్మా, కిరాణా దుకాన్‌కు పోవాలె!"

పక్క దుకాణం వాళ్ళు కూడా నవ్వారు. శారద ముఖం చిన్నబోయింది. భాగ్యలక్ష్మి మాత్రం నవ్వలేదు. తిరుగు బస్సులో అఫ్జల్‌గంజ్ దాటేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుని, హఠాత్తుగా శారద మోకాలు తట్టింది. "సాహెబు మంచి మాట చెప్పినాడు. వాము, మిరియాలు, ధనియాలు. వంటింటి వాసనే వేస్తే ఎవురేమంటారు? ఆడమనిషి పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చింది అనుకుంటారు. అంతే కదా?"

ఆ ఆలోచనకు ఆకారం ఇచ్చినవాడు బుచ్చిరాములు. డిపార్ట్‌మెంటులో ల్యాబ్ అటెండరు, జనగామ వైపు మనిషి, అడిక్‌మెట్‌లో ఉండేవాడు. యాభైకి దగ్గర పడ్డ వయసు, చెవుల మీద తెల్ల వెంట్రుకలు. భాగ్యలక్ష్మి ఏదో మాటల్లో అడిగితే ఆయన ముఖం వెలిగిపోయిందట.

"గంత పెద్ద పనేం కాదమ్మా. పోరగాండ్లు ఏటేటా లవంగాల నూనె తీస్తరు గదా ప్రాక్టికల్స్‌ల. నీళ్ళ ఆవిరి పంపితే నూనె దాని వెంట వస్తది. ఇరవై ఏండ్ల సంది నేనే దగ్గరుండి చేపిస్తున్న. లవంగం వస్తే మిరియం రాదా?"

మూతి విరిగి పారేయబోయిన ఫ్లాస్కొకటి, పాత కండెన్సర్ గొట్టమొకటి లెక్చరర్‌గారిని అడిగి ఇంటికి తీసుకుపోయాడు. బొగ్గుల కుంపటి మీద పెట్టి ఆదివారాలు నూనె తీసేవాడు. ఆ కబుర్లన్నీ సాయంత్రాలు భాగ్యలక్ష్మి నోట వినడం శారదకు అలవాటైంది. మొదటి బుడ్డిలో జీలకర్ర ఎక్కువైంది. మూత తీస్తే రిక్షావాడి చొక్కా వాసన. రెండో బుడ్డిలో బుచ్చిరాములు సొంత తెలివి ఉపయోగించి రవ్వంత ఇంగువ కలిపాడు. భాగ్యలక్ష్మి అది చెంగుకు రాసుకుని ఆఫీసులో కూర్చున్న పది నిమిషాలకు హెడ్ క్లర్కు తలెత్తి, "పదిగంటలకే క్యారియరు విప్పిందెవరయ్యా?" అని అందరి బల్లల కిందా వెతికించాడు.

"మా ఇంటామె పరేషాన్ అయితున్నదమ్మా," అని బుచ్చిరాములు మొర పెట్టుకున్నాడట. "ఇల్లంత చారు వాసన వస్తది, కడుపుకేమో చారు లేదు అంటది."

అరవై ఎనిమిది ఉగాదికి ముందు ఒక సాయంత్రం భాగ్యలక్ష్మి గేటు తీసుకుని లోపలికి వస్తున్న తీరులోనే శారదకు సంగతి తెలిసిపోయింది. వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసి, మోచేతి మడత శారద ముఖం ముందు పెట్టింది. ముందు మిరియం వచ్చి ముక్కును చురుక్కుమనిపించింది. దాని వెనకే వాము. అది కాస్త సద్దుమణిగాక వేయించిన ధనియాలు, అట్టడుగున శొంఠి, ఎక్కడో ఒక్క చుక్క లవంగం. ఏ నూనెలో కలిపారోగానీ ఆ నూనెకు వాసనే లేదు. పొడిగా, ఘాటుగా, నాలుకకు ఉప్పు తగిలినట్టు కూడా ఉంది. మిట్టమధ్యాహ్నం ఎండలోంచి చల్లటి అంగడి లోపలికి అడుగుపెట్టినట్టుంది. ఎంత వెతికినా పువ్వు లేదు, తీపి లేదు.

"మా నాయన అంగడి," అంది భాగ్యలక్ష్మి. చెంగు మోచేతి మీదికి సర్దుకుంది. "ఇది మన ఇద్దరి మధ్యనే ఉండల్ల. మల్లికి కూడా తెలియకూడదు. వాడు మంచోడే, కానీ వాడికి తెలిస్తే భయపడతాడు. ఏ నోట ఏం మాట వస్తుందో అని నన్ను కూడా భయపెడతాడు."

"నా నోట రాదు వదినా," అంది శారద.

ఆ నాలుగు నెలలూ శారదకు తర్వాత ఎన్నిసార్లు గుర్తొచ్చాయో లెక్కలేదు. భాగ్యలక్ష్మి నడక మారింది. అదివరకు గోడవారన నడిచేది, ఇప్పుడు రోడ్డు మధ్యగా నడిచేది. మధ్యాహ్నం గదిలో ఒంటరిగా తినడం మానేసి, లైబ్రరీలో పనిచేసే ఆడవాళ్ళతో కలిసి ఆర్ట్స్ కాలేజీ ముందు చెట్ల కింద కూర్చునేది. వాళ్ళలో ఒకావిడ "మీ దగ్గర కూర్చుంటే ఆకలేస్తుందండీ" అందట. దానికి ఆమె ఎంత సంబరపడిందో! టైపు చేసిన కాగితాల మీద కూడా ఆ వాసన అంటుకుని, థీసిస్ తీసుకుపోయిన ఒక రీసెర్చ్ కుర్రవాడు మిరపకాయ బజ్జీల అంగడి దగ్గర గానీ టైపు చేయించారా అని హాస్యమాడితే, "అవును నాయనా, అందుకే తప్పుల్లేవు" అని జవాబు చెప్పిందట. ఇంటికి వచ్చి ఆ మాట చెబుతూ చెబుతూ నవ్విన నవ్వు, శారద ఆ ఇంట్లో విన్న ఆమె మొదటి పెద్ద నవ్వు.

చైత్రంలో ప్రమీలమ్మ కూతురు పురిటికి వచ్చి, మూడో నెల వెళ్ళాక అత్తవారింటికి పోయింది. ఆ తర్వాత ఒక పొద్దున శారద నల్లా దగ్గర బిందె పెట్టి నిలుచుంటే ప్రమీలమ్మ కూడా బిందె తెచ్చింది. ఆమె మంచి మనిషే. నోరు మాత్రం నల్లాలాంటిదే, విప్పితే కట్టడం కష్టం.

"ఏంది శారదా, మీ ఇంట్ల బాలింత ఎవలు?" అంది నవ్వుతూ.

శారద తెల్లబోయింది. "బాలింతా? మా ఇంట్లో ఎవరున్నారు పెద్దమ్మా?"

"మరి నాకు వాము, శొంఠి వాసన ఏడికెళ్ళి వస్తున్నది? మూడు నెల్లు నా బిడ్డ గదిల పీల్చిన వాసన, నాకు తెల్వదా? నిన్న పొద్దుగాల మీ ఆడిబిడ్డ ఆఫీసుకు పోతుంటే, నా బిడ్డ మల్లొచ్చిందా అని చూసిన."

అప్పటిదాకా శారదకుగానీ, భాగ్యలక్ష్మికిగానీ, బుచ్చిరాములుకుగానీ ఆ ఆలోచనే రాలేదు. వంటింటి వాసన అనుకున్నారు గానీ, ఆ దినుసులే ఇంకో గదిలో కూడా ఉంటాయని తట్టలేదు. ఇద్దరు ఆడవాళ్ళకూ పిల్లలు లేరు మరి. మూడో మనిషి మగవాడు. ప్రసవించిన మనిషికి శొంఠి, మిరియాలు, వాము దంచి కాయం చేసి పెడతారు. గదిలో వాము పొగ వేస్తారు. ఆ వాసన ఎరిగిన ముక్కులు తార్నాకలో ఇంటికి రెండు ఉంటాయి.

అప్పుడు శారద నిజం చెప్పి ఉండవచ్చు. సెంటు, పెద్దమ్మా, అని రెండు మాటలు. ఆ రెండు మాటలూ నోటిదాకా వచ్చాయి కూడా. కానీ విధవ సెంటు పూసుకుంటుందని ఇంటావిడతో, అదీ ప్రమీలమ్మతో, నల్లా దగ్గర చెప్పడమా? రేపటికి వీధంతా తెలుస్తుంది. మల్లికార్జున ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? తనిచ్చిన మాట ఏమవుతుంది? ఆ కంగారులో ఆమెకు ఒక ఉపాయం తోచింది. ఆ ఉపాయం తట్టినందుకు ఒక్క క్షణం తన తెలివికి తానే మురిసింది కూడా.

"వదినకు కడుపులో నొప్పి పెద్దమ్మా. అందుకని కాయం చేసి పెడుతున్నా."

ప్రమీలమ్మ చెయ్యి బిందె మీదే ఆగింది. "కడుపుల నొప్పా? ఎన్ని దినాల సంది?"

"నెలా నెలన్నర నుంచి."

"పోయిన వారం నాలుగు దినాలు ఆఫీసుకు పోలే గదా. గందుకేనా?"

పోయిన వారం వచ్చింది జలుబూ జ్వరం. కానీ ఒకసారి మొదలైన అబద్ధం తనంతట తానే నడుస్తుంది. "ఆ, అందుకే," అంది శారద.

"డాక్టర్‌కు చూపిచ్చిన్రా?"

"డాక్టరెందుకు పెద్దమ్మా, ఇంట్లోనే సర్దుకుంటుంది."

"అట్లనా," అంది ప్రమీలమ్మ. బిందె నిండి పొర్లిపోతున్నా చూసుకోలేదు.

శారద బిందె ఎత్తుకుని లోపలికి వచ్చింది. పప్పు పొయ్యి మీద పెట్టింది. మల్లికార్జునకు, వదినకు అన్నం పెట్టి పంపింది. పన్నెండు గంటలప్పుడు, కూర తరుగుతుండగా, తను చెప్పిన ముక్కలన్నీ ప్రమీలమ్మ చెవులతో వినిపించాయి. నెలన్నరగా కడుపునొప్పి. నాలుగు రోజులు ఇల్లు కదలలేదు. డాక్టరు వద్దు. బాలింతకు పెట్టే కాయం. విధవ కడుపు తీయించుకుందనే కదా ఎవరైనా అనుకునేది. కత్తిపీట మీద నుంచి లేచి నిలబడింది. ఇప్పుడే పోయి చెప్పాలి అనుకుంది. గుమ్మం దాకా వెళ్ళింది. ముందు వాటాలో ప్రమీలమ్మ ఎవరితోనో మాట్లాడుతోంది. వాళ్ళు వెళ్ళాక చెబుదాం అనుకుంది. సాయంత్రం చెబుదాం అనుకుంది. ఆ తర్వాత, ఆమె అలా అనుకుని ఉండదులే, నేనే లేనిపోనివి ఊహించుకుంటున్నా అనుకుంది. అలా అనుకోవడం హాయిగా ఉంది. రెండు రోజులు ఆ హాయిలోనే గడిపేసింది.

మాట శారద కోసం ఆగలేదు. శుక్రవారం భజనకు పిలిచే పక్కింటివాళ్ళు ఈసారి పిలవలేదు. చెట్ల కింద కూర్చునే లైబ్రరీ ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురై, తర్వాత ఎవరూ లేకుండా పోయారు. "అందరికీ పనెక్కువైందంట," అని చెప్పింది భాగ్యలక్ష్మి. నమ్మినట్టే చెప్పింది. మాటకు మగమనిషి కూడా కావాలి కదా. గాజు బుడ్డి కాగితంలో చుట్టి ఆమె బల్ల మీద పెట్టిపోయే బుచ్చిరాములును అందరూ చూసిందే. లోకానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఒక సాయంత్రం మల్లికార్జున ఆఫీసు నుంచి వచ్చి, చొక్కా కూడా విప్పకుండా మంచం మీద కూర్చున్నాడు. శారద మంచినీళ్ళిస్తే తీసుకోలేదు.

"మా సెక్షన్‌లో ఒకాయన అడిగినాడు. మీ అక్కయ్యకు ఒంట్లో నెమ్మదించిందా అని. అడిగి పక్కాయన్ని చూసి నవ్వినాడు," అన్నాడు. "అక్కకు ఏమైంది శారదా? నీకేమన్నా తెలుసా?"

అదే రెండో అవకాశం. అతను మొగుడు, పరాయివాడు కాదు. తలుపు వేసి ఉంది. భాగ్యలక్ష్మి ఇంకా ఇంటికి రాలేదు. చెబితే అతను కోప్పడేవాడేమో, ఒకరోజు అన్నం మానేసేవాడేమో, అంతకంటే ఏమీ అయ్యేది కాదు. కానీ చెప్పాలంటే నల్లా దగ్గర తను అన్న మాట కూడా చెప్పాలి.

"నాకేం తెలుసు," అంది శారద.

తర్వాతి ఏళ్ళలో తాను ఆడిన అబద్ధాన్ని ఎలాగో ఒకలా సమర్థించుకోగలిగింది గానీ, ఈ రెండు మాటలను మాత్రం ఎటు తిప్పి చూసినా సమర్థించుకోలేకపోయింది.

భాగ్యలక్ష్మి ఆఫీసు నుంచి వచ్చాక మల్లికార్జున తల వంచుకుని, నేలతో మాట్లాడుతున్నట్టు, "అక్కా, రేపు సెలవు పెడతాను. డాక్టరమ్మ దగ్గరికి పోయొద్దామా?" అన్నాడు.

"ఎందుకురా?"

"నీ కడుపునొప్పికి."

"నాకు కడుపునొప్పని ఎవురు చెప్పినార్రా?"

భాగ్యలక్ష్మి తమ్ముడి ముఖం చూసింది. గుమ్మంలో నిలబడ్డ శారద ముఖం చూసింది. ఆమె తెలివైన మనిషి. చెట్ల కింద ఖాళీ అయిన చోటు, పిలుపు రాని భజన, అన్నీ అప్పుడే ఒక తాటి మీదికి వచ్చి ఉంటాయి. పెరట్లోకి వెళ్ళి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంది. కడిగింది, మళ్ళీ రుద్దుకుంది.

మర్నాడు మల్లికార్జున ఆఫీసుకు వెళ్ళాక ఆమె వంటింట్లోకి వచ్చి శారద ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఎవురితో చెప్పినావు?"

"ప్రమీలమ్మతో. ఊరికే... మీ సంగతి బయటపడకూడదని..."

"కాయం అన్నావా?"

శారద తలూపింది.

"ఒక్క మాట చెప్పింటే పోయేది కదమ్మే. సెంటు అని," అంది భాగ్యలక్ష్మి. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే శారద తట్టుకునేదేమో. "సెంటు పూసుకున్న ముండ అని అనేవాళ్ళు. అది నేనెట్లోగట్ల మోసేదాన్ని. అది నేను చేసిన పనే కాబట్టి."

ఆఫీసులో అదేరోజు బుచ్చిరాములు ఆమె బల్ల దగ్గరికి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడట. "అమ్మా, మీరు నా చెల్లె లెక్క. గది ఆ పైవాడికి ఎరుక. కానీ మా ఇంటామె నాలుగొద్దుల సంది అన్నం ముడ్తలేదు. ఇగ నేను మీ గదిలకు రాను. మనసుల పెట్టుకోకుండ్రి." భాగ్యలక్ష్మి ఆ మాట ఇంటికి వచ్చి చెప్పలేదు. శారదకు చాలా ఏళ్ళ తర్వాత, క్యాంపస్‌లో బుచ్చిరాములే ఎదురుపడి చెప్పాడు.

అటు తర్వాత ఆరు నెలలు భాగ్యలక్ష్మి ఆ ఇంట్లోనే ఉంది. శారదతో మాట్లాడేది, పని పంచుకునేది, పాలు విరుగుతున్నాయని గేటు దగ్గర్నుంచే చెప్పేది కూడా. ఒంటి మీద మళ్ళీ ప్రాక్టికల్స్ గ్యాసు వాసన మోసుకొచ్చేది. శారద అది గమనించనట్టు నటించేది. ఇద్దరి మధ్యా చెప్పాల్సిన మాట ఒకటి ఉందనీ, అది చెప్పాల్సింది తానేననీ శారదకు తెలుసు. ప్రమీలమ్మ దగ్గరికి పోయి, నలుగురూ ఉన్నప్పుడే, నేను అబద్ధమాడాను అని చెప్పడం. అంతే పని. ఒకసారి సిద్ధపడి వెళితే ప్రమీలమ్మ ఊళ్ళో లేదు. ఇంకోసారి ఇంట్లో చుట్టాలున్నారు. మూడోసారి ఏమీ అడ్డం రాలేదు. శారదే గడప దగ్గర ఆగి, చక్కెర ఉందా అని అడిగి తెచ్చుకుంది.

అరవై తొమ్మిది మొదట్లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చింది. క్యాంపస్‌లో తరగతులు ఆగిపోయాయి, బస్సులు ఉన్నరోజు ఉన్నాయి, లేనిరోజు లేవు. రాయలసీమ నుంచి, కోస్తా నుంచి వచ్చినవాళ్ళలో కొందరు సర్దుకుని వెళ్ళిపోతున్నారు. ఆ గందరగోళంలోనే భాగ్యలక్ష్మి అనంతపురంలో ఒక కాలేజీకి అర్జీ పెట్టుకుని, ఉద్యోగం వచ్చిందని చెప్పింది. "గొడవలకు భయపడి పోయింది పాపం," అన్నారు ఎరిగినవాళ్ళు. మల్లికార్జున కూడా అందరికీ అదే చెప్పాడు. శారద కూడా అవునవునంది. అదీ ఒక అబద్ధమే. కానీ అప్పటికి ఆమెకు అబద్ధం ఎత్తుకోవడం నీళ్ళ బిందె ఎత్తుకున్నంత తేలికైపోయింది.

కాచిగూడ స్టేషన్‌కు శారద కూడా వెళ్ళింది. మల్లికార్జున కూలీతో మాట్లాడుతుంటే, కిటికీ దగ్గర ఇద్దరే మిగిలారు. ఇప్పుడు చెప్పాలి, క్షమించమని అయినా అడగాలి అనుకుంటూ శారద కిటికీ కమ్మీ పట్టుకుంది.

"కర్నూలు దాటకముందే పెరుగన్నం తినేయండి వదినా. ఎండకు పులిసిపోతుంది," అంది.

"తింటాలే," అంది భాగ్యలక్ష్మి. "మల్లిని జాగ్రత్తగా చూసుకో."

బండి కదిలింది.

అనంతపురం నుంచి నెలకో ఉత్తరం వచ్చేది. తమ్ముడి పేరనే. చివర్లో శారదను అడిగానని చెప్పు అని ఉండేది. శారద ఎన్నిసార్లు జవాబు రాయడానికి కూర్చుందో. వాతావరణం గురించి, బియ్యం గురించి, తన మొదటి కాన్పు గురించి రాసింది. అసలు సంగతికి వచ్చేసరికి ఇన్‌లాండ్ కవరులో చోటు అయిపోయేది. చోటు అయిపోయేలా తనే రాసేది.

శారద పురిటి గదిలో పడుకుని ఉన్నప్పుడు తల్లి వాము పొగ వేసింది. మూడో నాడు కాయం ఉండ చేతిలో పెట్టింది. శారద అది నోట్లో పెట్టుకోలేక వెక్కి వెక్కి ఏడ్చింది. బాలింతరాలి బలహీనత అనుకుని తల్లి వీపు నిమిరింది.

డెబ్బై మూడు వేసవిలో అనంతపురం నుంచి టెలిగ్రాం వచ్చింది. మూత్రపిండాల జబ్బు. ఎవరికీ చెప్పుకోలేదు. మల్లికార్జున చేరుకునేసరికి ఆసుపత్రి వాళ్ళు తెల్లగుడ్డ కప్పేసి ఉంచారు. చంటిపిల్లతో శారద వెళ్ళలేదు. పదో రోజు కార్యం అయ్యాక ఆయన తిరిగొచ్చి, కుర్చీలో కూర్చుని, "అక్క గది ఎంత శుభ్రంగా ఉందో శారదా. వాసనే లేదు గదిలో. మనిషి ఉన్న వాసనే లేదు," అన్నాడు. ఆయనకు సెంటు సంగతి చివరిదాకా తెలియదు.

ఆ సాయంత్రం శారద పిల్లను ఆయన ఒళ్ళో పడుకోబెట్టి, ముందు వాటాకు వెళ్ళింది. ప్రమీలమ్మ వరండాలో చింతపండు గింజలు తీస్తోంది. జుట్టు బాగా తెల్లబడింది.

"కూసో బిడ్డా. ఎంత మంచి మనిషి, పాపం," అంది.

శారద కూర్చోలేదు. నిలబడే చెప్పింది. ఎక్కడా ఆగకుండా, మొదటినుంచీ చెప్పింది. నల్లా దగ్గర తను అన్నదంతా అబద్ధం. వదినకు కడుపునొప్పి లేదు, మరేమీ లేదు. ఆమె పూసుకున్నది సెంటు. పువ్వు ఉండకూడదని, తీపి ఉండకూడదని, అంత కష్టపడి చేయించుకున్న సెంటు.

ప్రమీలమ్మ చేతులు ఆగలేదు. గింజ తీసి పళ్ళెంలో వేసింది.

"నాకు ఎరుకే," అంది.

"ఎరుకా?"

"ఊరికి పోయే ముందటి దినం వచ్చింది గదా మీ ఆడిబిడ్డ. గిదే గద్దె మీద కూసున్నది. సెంటు సీసా సుత తెచ్చి చూపిచ్చింది, వాసన చూడమన్నది. శారదను ఏమనకుండ్రి, చిన్నపిల్ల, ఇంటి ఇజ్జత్ కోసం అట్ల చెప్పింది అన్నది."

శారద ముందుకు వంగింది. "మరి... మీరు ఎవరికీ చెప్పలేదా పెద్దమ్మా?"

"ఎందుకు చెప్పలే? కనిపిచ్చిన ప్రతి దానికి చెప్పిన. నేనన్న మాటే గదా, నేనే తీసుకోవాలె అని చెప్పిన." ప్రమీలమ్మ తలెత్తింది. "నమ్మలే బిడ్డా ఎవ్వలు. ముసల్దానికి పట్టుచీరె పెట్టి పోయిందా ఏంది అని నవ్విన్రు. వాళ్ళింట్ల మనిషి నోరు మెదుపుతలేదు, మధ్యల నీకెందుకు అన్నరు. నువ్వు ఒక్కసారి నా పక్కన నిలబడి, అవును, సెంటే అన్నావనుకో, ఇంట్ల మనిషివి, నమ్ముదురు. ఇయ్యాల వస్తవా, రేపు వస్తవా అని నేను నెల దినాలు చూసిన."

వెనక వాటాలో పిల్ల లేచి ఏడవడం మొదలుపెట్టింది. మల్లికార్జున పిలుస్తున్నాడు. శారదకు వినిపిస్తూనే ఉంది.

"ఇప్పుడు చెప్తా పెద్దమ్మా," అంది. "ఎవరెవరితో చెప్పాలో చెప్పండి. ఇప్పుడే వస్తా."

ప్రమీలమ్మ ఆమెను జాలిగా చూసింది. "ఎవరున్నరు బిడ్డా? ఒగలు సికింద్రాబాద్ పోయిన్రు, ఒగలు చచ్చిపోయిన్రు, ఉన్నోళ్ళకు మీ ఆడిబిడ్డ పేరే యాదికి లేదు. పో, పొల్ల ఏడుస్తున్నది. పాలియ్యి."